వేటుకీ పోటుకీ ఒకే ఫోమ్ ఆయుధం: లార్ప్ కోసం ఏది తయారు చేసుకోవాలి?

లైవ్ యాక్షన్ రోల్ ప్లే, అంటే లార్ప్ ఆటలకు ఫోమ్ ఆయుధం చేసుకోబోయేవాళ్లు సాధారణంగా అన్ని పనులూ చేసే ఆయుధం ఒకటి ఉంటే చాలనుకుంటారు. వేటు వేయాలి, పోటు పొడవాలి, ఎదుటివాడి డాలు విరగ్గొట్టాలి (అంటే ఆట నియమం ప్రకారం దాన్ని పనికిరాకుండా చేయాలి), అవసరమైతే విసరాలి, విమానంలో తీసుకెళ్లడానికీ వీలవ్వాలి. ఇవన్నీ ఒకే కడ్డీ మీదికి ఎక్కిస్తే బరువు పెరుగుతుంది, ఆటకు ముందు చేసే భద్రతా తనిఖీలో తప్పే చోట్లు పెరుగుతాయి, చివరికి ఏ పనీ బాగా చేయదు. ఒక ఆయుధానికి రెండు పనులు చాలు. ఆ రెండింటిలో పోటు ఉందా లేదా అన్నది అన్నిటికంటే ముందు తేల్చుకోవాలి. వేటు వేసే అంచు చేయడం త్వరగానే పట్టుబడుతుంది. పోటు మొన అలా కాదు. లోపలి కడ్డీ, మొత్తం పొడవు, ఫోమ్ రకం, పై తొడుగు అన్నీ దాన్ని బట్టే మారతాయి.

ముందు ఆట నియమం, తర్వాతే ఆయుధం

అమెరికాలో ఫోమ్ ఆయుధాలతో ఆడే పెద్ద ఆటలు మూడున్నాయి. డాగర్‌హిర్ 1977లో వాషింగ్టన్ డీసీ, మేరీల్యాండ్ ప్రాంతంలో మొదలైంది. ఆమ్ట్‌గార్డ్ 1983లో టెక్సస్‌లోని ఎల్ పాసోలో పుట్టింది. బెలెగార్త్ 2001లో డాగర్‌హిర్ నుంచి విడివడింది. అక్కడ ఉండే పాఠకులు తమ ఊరి గ్రూపు ఏ నియమాలతో ఆడుతుందో కనుక్కున్నాకే ఫోమ్ కొనాలి. డాగర్‌హిర్, బెలెగార్త్‌లలో దెబ్బ గట్టిగా పడాలి, తేలిగ్గా తగిలితే లెక్కలోకి రాదు. ఆమ్ట్‌గార్డ్‌లో అంత బలం అక్కర్లేదు కాబట్టి ఆయుధాలు తేలిగ్గా ఉంటాయి.

ఐరోపా దారి వేరు. ఇంగ్లండ్‌లోని పెక్‌ఫర్టన్ కోటలో 1982లో ట్రెజర్ ట్రాప్ అనే లార్ప్ మొదలైంది. ఆ తర్వాత పెరిగిన బ్రిటిష్ ఆటల్లోనూ, జర్మనీలో జరిగే పెద్ద శిబిరాల్లోనూ లేటెక్స్ పూత ఉన్న ఆయుధాలు వాడతారు. దెబ్బను చివరి క్షణంలో ఆపి, తాకించి వదిలేస్తారు. అక్కడ లోపల కడ్డీ ఉన్న ఆయుధంతో పోటు పొడవడం చాలాచోట్ల నిషేధం. పొడవడానికి ప్రత్యేకంగా చేసినవాటినే అనుమతిస్తారు. మధ్యయుగాల జీవితాన్ని, యుద్ధాలను మళ్లీ ఆడి చూపే ఎస్‌సీఏ అనే సంస్థ పేరు కూడా ఈ సందర్భంలో వినిపిస్తుంది కానీ, వాళ్ల భారీ యుద్ధాల్లో వాడేది లోహ కవచం, రట్టన్ బెత్తం. అక్కడ మన ఫోమ్ కత్తికి పని లేదు.

బెలెగార్త్ నియమాల్లో ఎంపికను మలుపు తిప్పే అంకెలు ఇవి. ఒంటిచేతి వేటు ఆయుధాలకు నీలం, రెండుచేతుల బరువు ఆయుధాలకు ఎరుపు, పోటు ఆయుధాలకు ఆకుపచ్చ గుర్తు. ఎరుపు తరగతిలోకి రావాలంటే పొడవు 48 అంగుళాలు దాటాలి, బరువు కనీసం 24 ఔన్సులు, అంటే 680 గ్రాములు ఉండాలి. ఎరుపు ఆయుధాన్ని రెండు చేతులతో తిప్పి రెండుసార్లు గట్టిగా కొడితేనే డాలు విరుగుతుంది. పోటు మొన 2.5 అంగుళాల రంధ్రంలోంచి అర అంగుళానికి మించి దూరకూడదు. ఇది కంటి గుంటను దృష్టిలో పెట్టుకుని పెట్టిన కొలత. తలకు గురిపెట్టకూడదని నియమం ఉన్నా, తోపులాటలో మొన ముఖం మీదికి రావడం జరుగుతూనే ఉంటుంది. అందుకే ఈ ఒక్క కొలత విషయంలో తనిఖీ చేసేవాళ్లు అస్సలు మెత్తబడరు, మెత్తబడకూడదు కూడా.

పోటీలో ఉన్న రూపాలు

మొదటిది ఒకటిన్నర చేతి కత్తి. 42 నుంచి 46 అంగుళాల పొడవు, 25 సెంటీమీటర్ల పిడి, పోటు మొన. డాలుతో కలిపి ఒంటిచేత్తో పట్టుకోవచ్చు, డాలు పోతే రెండో చెయ్యి వేయవచ్చు. 48 అంగుళాల లోపు కాబట్టి ఇది నీలం, ఆకుపచ్చ పనులు చేస్తుంది, డాలు మాత్రం విరగ్గొట్టలేదు. బరువు 450 గ్రాముల దగ్గర ఆగుతుంది. జట్టు లేకుండా ఒంటరిగా వెళ్లి ఆడేవాళ్లకు, ఇదే మొదటి ఆయుధమైనవాళ్లకు దీన్ని మించింది లేదు. చేసేటప్పుడు అంచు కాస్త అటూఇటూ అయినా ఆయుధం మొత్తం వృథా కాదు.

రెండోది గ్లేవ్. ఆరడుగుల కర్రకు చివర 75 సెంటీమీటర్ల ఫోమ్ అలుగు, దాని కొసన పోటు మొన. వేటు ఎరుపు, పోటు ఆకుపచ్చ. బహుళ పనుల ఆయుధం అనే పేరుకు నిజంగా తగినది ఇదే: వరుసలో నిలబడి ముందువాళ్ల భుజాల మధ్యనుంచి పొడవవచ్చు, దగ్గరికొచ్చినవాడి డాలు మీద రెండు బలమైన వేట్లు వేసి దాన్ని ఆటలోంచి తీసేయవచ్చు. కష్టమంతా తయారీలో ఉంది. 680 గ్రాముల కనీస బరువు అందుకోవాలి, కానీ కిలో దాటితే పది నిమిషాల్లో భుజాలు లాగేస్తాయి. వేటు వేసేటప్పుడు కడ్డీ ఊగకూడదు, పొడిచేటప్పుడు మొనలోంచి కడ్డీ తగలకూడదు. పక్కన ఇద్దరు డాళ్లవాళ్లు లేకపోతే గ్లేవ్ పట్టినవాడు తేలిగ్గా దొరికిపోతాడు. కాబట్టి జట్టున్నవాళ్లే దీని జోలికి వెళ్లడం మంచిది.

మూడోది రెండు చివర్లా కొట్టే కర్ర. కర్రసాము నేర్చుకున్నవాళ్ల మనసు సహజంగా దీనివైపే పోతుంది. ఆ మెలకువలు చేతుల మార్పిడికి, అడుగు వేయడానికి ఇక్కడా బాగా ఉపయోగపడతాయి. ఆయుధంగా మాత్రం ఇది నష్టపు బేరం. రెండు చివర్లా ఫోమ్ బరువు ఉంటుంది కాబట్టి కదిలించడానికీ, ఆపడానికీ ఎక్కువ బలం కావాలి. సన్నటి వెదురు కర్రతో వచ్చే వేగం రాదు. కర్రను గిరగిరా తిప్పే అలవాటుతో వెనక కొస మన కంటికి కనపడకుండా పక్కవాడి ముఖానికి తగిలే ప్రమాదం కూడా ఉంది. ప్రదర్శన కోసమైతే చేసుకోండి, గుంపు యుద్ధానికి వద్దు.

నాలుగోది విసరడానికీ పొడవడానికీ పనికొచ్చే పొట్టి ఈటె. విసిరే ఆయుధానికి కర్ర మొత్తం మెత్తటి తొడుగు వేయాలి, ఎందుకంటే అది ఎలా తిరిగి ఎవరికి తగులుతుందో చెప్పలేం. ఆ తొడుగు వల్ల పట్టు లావవుతుంది, పోటులో చురుకుదనం తగ్గుతుంది. అదనపు ఆయుధంగా బాగుంటుంది, ఉన్న ఒక్క ఆయుధంగా బాగుండదు. ఒకసారి విసిరాక చేతిలో ఏమీ మిగలదు మరి.

గొడ్డలి, సుత్తి రూపాలతో డాలు అంచును లాగవచ్చు. అలా లాగడానికి మీ గ్రూపు ఒప్పుకుంటుందో లేదో కనుక్కోండి. ఒప్పుకోకపోతే ఆ రూపంలో చూడటానికి అందం తప్ప అదనంగా వచ్చేదేమీ లేదు.

లోపలి కడ్డీ: లెక్క కుదరాల్సిన చోటు

దీన్ని అందరూ కోర్ అంటారు. చౌకలో దొరికేది పీవీసీ పైపు. అర అంగుళం పైపు బయటి వ్యాసం 21.3 మిల్లీమీటర్లు. మూడడుగుల లోపు కత్తికి అది సరిపోతుంది. అంతకు మించితే ఊగుతుంది. కోర్ ఊగితే వచ్చే చిక్కు చూడటానికి బాగోకపోవడం ఒక్కటే కాదు. ఎదుటివాడు అడ్డుకున్నా కొస మాత్రం వంగి అతని ఆయుధం దాటి వెళ్లి కొరడాలా తగులుతుంది. దెబ్బ ఎక్కడ పడుతుందో కొట్టినవాడికీ తెలియదు. చలిలో పీవీసీ పెళుసెక్కి విరుగుతుంది, విరిగిన ముక్క అంచు పదునుగా ఉంటుంది. సీపీవీసీ విరగడం తక్కువే కానీ ఊగడం ఎక్కువ.

వెదురు మన దగ్గర సులభంగా దొరుకుతుంది, తేలిక, గట్టి. అయినా నిలువునా చీలి సూదుల్లాంటి పేళ్లు ఫోమ్‌లోంచి పొడుచుకొస్తాయి. అనుమతించే గ్రూపుల్లో కూడా దాని చుట్టూ దారాలున్న స్ట్రాపింగ్ టేపు నిండుగా చుట్టాకే వాడాలి. లోహపు గొట్టం వద్దు. ఒకసారి వంగితే అలాగే ఉండిపోతుంది, బరువూ ఎక్కువే. కార్బన్ ఫైబర్ చాలా తేలిక, చాలా బిగువు, అంటే తేలిగ్గా వంగదు. ఒంటిచేతి కత్తికి అద్భుతం. కనీస బరువు అందుకోవాల్సిన గ్లేవ్‌కు మాత్రం డబ్బు దండగ.

మిగిలింది ఫైబర్‌గ్లాస్ గొట్టం. పోటూ వేటూ రెండూ చేయాల్సిన ఆయుధానికి సరైన కోర్ ఇదే. అర అంగుళం పీవీసీతో పోలిస్తే 20 మిల్లీమీటర్ల వ్యాసం, 2 మిల్లీమీటర్ల గోడ ఉన్న ఫైబర్‌గ్లాస్ గొట్టం నాలుగైదు రెట్లు తక్కువ వంగుతుంది, బరువులో దాదాపు సమానం. గట్టి కడ్డీ రూపంలో దొరికే ఫైబర్‌గ్లాస్ వద్దు. బోలు గొట్టంతో పోలిస్తే అదే బరువుకు బాగా ఎక్కువ ఊగుతుంది.

72 అంగుళాల గ్లేవ్ లెక్క చూద్దాం. కోర్ పొడవు 165 సెంటీమీటర్లు. అలుగు ఫోమ్ 125 గ్రాములు, మొన 25, కర్ర మీది మెత్తటి తొడుగు 20, ఎండిన జిగురు 50, గుడ్డ 60, పిడి చుట్టూ పట్టీ, పిడి అడుగు కొసన ఉండే గుండు కలిపి 60. కోర్ కాకుండా మొత్తం 340 గ్రాములు. 16 మిల్లీమీటర్ల వ్యాసం, 2 మిల్లీమీటర్ల గోడ ఉన్న గొట్టం మీటరుకు 167 గ్రాముల చొప్పున 276 గ్రాములు తూగుతుంది. ఆయుధం 616 గ్రాముల దగ్గర ఆగి ఎరుపు తరగతికి 64 గ్రాములు తక్కువవుతుంది. గోడ 3 మిల్లీమీటర్లకు పెంచితే మొత్తం 725 వరకూ పోతుంది, బిగువు పావువంతే పెరుగుతుంది. దానికి బదులు 20 మిల్లీమీటర్ల వ్యాసం, 2 మిల్లీమీటర్ల గోడ తీసుకుంటే మొత్తం సుమారు 695 గ్రాములు, బిగువు మొదటిదానికి రెట్టింపు. కాబట్టి గోడ మందం కంటే వ్యాసం పెంచండి. జిగురు, గుడ్డ ఒక్కొక్కరి చేతిలో కొంత తేడాగా పడతాయి గనుక తొడుగు కుట్టేముందు ఒకసారి తూచుకుని, చాలకపోతే ఆ కొరత పిడి దగ్గర నింపండి. కొసలో బరువు పెంచడం తప్పు. దెబ్బ మొద్దుగా, నొప్పిగా పడుతుంది, ఆయుధం చెప్పినట్టు ఆగదు.

ఒకటిన్నర చేతి కత్తికి 16 మిల్లీమీటర్ల వ్యాసం, 2 మిల్లీమీటర్ల గోడ, మీటరు పొడవు కోర్ సరిపోతుంది. దాని బరువు 167 గ్రాములు.

ఫైబర్‌గ్లాస్ కోసేటప్పుడు కోసే గీత చుట్టూ టేపు చుట్టి, నీళ్లు చిలకరిస్తూ సన్నపళ్ల హాక్‌సా బ్లేడుతో కోయండి. ముక్కుకు మాస్కు, చేతులకు గ్లోవ్స్, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. ఆ పొడి చర్మంలో దిగితే రెండు రోజులు దురద పెడుతుంది, ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకా చెడ్డది.

ఫోమ్ ఏది, ఎంత మందం

వేటు అంచుకు కావాల్సింది క్రాస్‌లింక్డ్ పాలిథిలిన్ ఫోమ్, అంటే ఎక్స్‌ఎల్‌పీఈ. ఘనపుటడుగుకు 2 పౌన్లు, మన లెక్కలో ఘనపు మీటరుకు 32 కిలోల సాంద్రత. అమెరికాలో మినిసెల్ ఎల్200 పేరుతో ఈ రకం దొరుకుతుంది. బ్రిటన్‌లో లేటెక్స్ ఆయుధాలు చేసేవాళ్లు ప్లాస్టజోట్ ఎల్‌డీ45, ఎవజోట్ ఈవీ50 వాడతారు. పేర్లలోని 45, 50 అనే అంకెలు సాంద్రతలే. అవి కాస్త గట్టివి, చెక్కితే నున్నగా వస్తాయి. దెబ్బ ఆపి తాకించే ఆటకు అవి సరిపోతాయి, గట్టిగా కొట్టే ఆటకు మాత్రం నొప్పి పుట్టిస్తాయి.

హైదరాబాద్, విజయవాడ లాంటి చోట్ల ఏసీ డక్టులకు వేసే ఎక్స్‌ఎల్‌పీఈ ఇన్సులేషన్ షీట్లు అడగండి. ఒకవైపు అల్యూమినియం రేకు అతికించి ఉంటుంది, దాన్ని పూర్తిగా ఒలిచి వాడాలి. రేకు మీద జిగురు నిలవదు. చెప్పుల సామాను కొట్లలో, పిల్లల గదుల్లో పరిచే ఇంటర్‌లాకింగ్ మ్యాట్ల రూపంలో దొరికేది ఈవీఏ. అది చాలా గట్టిది. కామిక్ కాన్ వేషాలకు, అలంకార కవచాలకు, కత్తి గార్డుకు సరే. వేటు అంచుకు అది వద్దు, దాంతో కొడితే కమిలిపోతుంది. స్విమ్మింగ్ పూల్ నూడిల్ మొదట్లో మెత్తగా ఉన్నా నాలుగైదు ఆటలకే నలిగి చచ్చుబడుతుంది. తర్వాత తగిలేది లోపలి పైపే.

కోర్‌కు అంచువైపు కనీసం 32 నుంచి 35 మిల్లీమీటర్ల ఫోమ్, పక్కవైపు 20 మిల్లీమీటర్లు ఉండాలి. 20 మిల్లీమీటర్ల షీటుతో గ్లేవ్ అలుగును ఇలా పేర్చండి: మధ్య పొరలో కోర్‌కు అటూఇటూ 35 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీలు ఒక్కొక్కటి, దానికి పైనా కిందా 90 మిల్లీమీటర్ల వెడల్పు పలకలు. మొత్తం 90 వెడల్పు, 60 మందం. లావుగా కనిపిస్తుంది, నిజమే. అందం కోసం అంచు దగ్గర పది మిల్లీమీటర్లు చెక్కేస్తే తనిఖీలో బొటనవేలికి కోర్ తగులుతుంది.

జిగురు విషయంలో రాజీ పడొద్దు. మన దగ్గర ఫెవికాల్ ఎస్ఆర్ 998 లేదా ఎస్ఆర్ 505, అమెరికాలో డ్యాప్ వెల్డ్‌వుడ్ కాంటాక్ట్ సిమెంట్. చెక్కకు వాడే తెల్ల ఫెవికాల్ పనికిరాదు, ఎండాక వంగదు. గ్లూ గన్ జిగురు గట్టి ముద్దలుగా మిగిలి దెబ్బలో తెలుస్తుంది, ఎండలో నిలిపిన కారులో మెత్తబడి ఊడుతుంది. రెండు ముఖాలకూ పల్చగా రాసి, పది పదిహేను నిమిషాలు ఆరనిచ్చి, వేలికి అంటకుండా ఉన్నప్పుడు అతికించి గట్టిగా ఒత్తండి. తడిగా ఉండగానే అతికిస్తే ద్రావకం లోపలే చిక్కుకుని అతుకు జారుతుంది. ఇంట్లో మొదటిసారి చేసేవాళ్ల దగ్గర ఎక్కువగా కనిపించే లోపం ఇదే. 24 గంటలు కదపకుండా ఉంచాలి. ఒక గ్లేవ్‌కు పావు లీటరు డబ్బా చాలు. కిటికీలు తెరిచి, స్టవ్వుకు, దీపానికి దూరంగా పని చేయండి, ఆ ఆవిరికి నిప్పంటుకుంటుంది.

ఎండిన జిగురు గట్టిగా ఉంటుంది కాబట్టి వేటు పడే అంచు దగ్గర పొరల మధ్య చివరి అర సెంటీమీటరు జిగురు రాయకుండా వదలండి. పైన వేసే తొడుగు ఆ కొంచెం అతుకునూ పట్టి ఉంచుతుంది.

పోటు మొన

మొన కట్టేముందు కోర్ కొసను చదునుగా కోసి, అంచులు ఆకురాయితో నున్నగా రుద్దాలి. బోలు గొట్టం నోరు రబ్బరు బిరడాతో మూయాలి. దానిమీద 3 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న మందపాటి తోలు బిళ్ల పెట్టి, స్ట్రాపింగ్ టేపును రెండు వైపులా అడ్డంగా నిలువుగా కిందికి లాగి కట్టాలి. ఇది లేకపోతే పొడిచిన ప్రతిసారీ గొట్టం అంచు పిండిని కోసే అచ్చులా ఫోమ్‌ను గుండ్రంగా కోసుకుంటూ పైకి వస్తుంది. బయటికి ఏమీ కనపడదు, ఒకరోజు ఎవరి పక్కటెముకకో గట్టిగా తగిలాక తెలుస్తుంది.

బిళ్ల మీద 4 సెంటీమీటర్ల ఎక్స్‌ఎల్‌పీఈ దిమ్మె. దానిపైన 8 సెంటీమీటర్ల ఓపెన్ సెల్ ఫోమ్, అంటే సోఫాలు, పరుపులు కుట్టేవాళ్ల దగ్గర దొరికే స్పాంజి. బాగా మెత్తటిది వద్దు, అరచేత్తో ఒత్తితే సగానికి దిగి వెంటనే లేచేది తీసుకోండి. వ్యాసం కనీసం 8 సెంటీమీటర్లు ఉండాలి. స్పాంజి నలిగినా రంధ్రపు పరీక్ష దాటాలంటే ఆ మాత్రం కావాలి. మొత్తం 12 సెంటీమీటర్లు కోర్‌కు పైన ఉండాలన్నమాట.

స్పాంజి అడుగుకు అంచు చుట్టూ మాత్రమే సన్నగా జిగురు రాయండి. మధ్యలో పోస్తే స్పాంజి తాగేసి గట్టి బిళ్లలా మారుతుంది. స్పాంజి ఒక్కటే నిలబెడితే పొడిచినప్పుడు పక్కకు మడిచిపోయి, కోర్ వాలుగా తగులుతుంది. దానికి విరుగుడుగా 1 సెంటీమీటరు మందం ఎక్స్‌ఎల్‌పీఈ పట్టీని దిమ్మె చుట్టూ చుట్టి, స్పాంజి సగం ఎత్తు దాకా కాలర్‌లా పైకి రానివ్వండి. తొడుగు కుట్టేటప్పుడు మొన దగ్గర బిగించి కుట్టకూడదు. స్పాంజి ముందే నలిగి ఉంటే ఇక నలగడానికి చోటుండదు.

ఒకటిన్నర చేతి కత్తికీ పద్ధతి ఇదే. స్పాంజి ఎత్తు 6 సెంటీమీటర్లు చాలు, ఎందుకంటే ఒంటిచేతి పోటుకు అంత తోపు ఉండదు. వ్యాసంలో మాత్రం తగ్గింపు లేదు.

పై తొడుగు, పిడి

గట్టిగా కొట్టే ఆటకు గుడ్డ తొడుగు. పాలిస్టర్ కాటన్ లేదా రిప్‌స్టాప్ నైలాన్ సంచీలా కుట్టి తొడిగితే దెబ్బ మెత్తగా పడుతుంది, చిరిగితే మార్చుకోవచ్చు. డక్ట్ టేపుతో చుట్టేయడం సులువే కానీ అది ఫోమ్‌ను బిగించి గట్టిపరుస్తుంది, చర్మానికి చురుక్కుమంటుంది, లోపల ఫోమ్ చెడినా కనపడనివ్వదు. లేటెక్స్ పూత ఆపి తాకించే ఆటలకు అందంగా ఉంటుంది. పల్చగా ఐదు నుంచి ఎనిమిది పూతలు, ప్రతిదీ పూర్తిగా ఆరాక మరొకటి. నూనె, పెట్రోలియం జెల్లీ తగిలితే లేటెక్స్ కరిగి జిగటెక్కుతుంది. తుడవడానికి స్వచ్ఛమైన సిలికాన్ స్ప్రే మాత్రమే వాడాలి. మన ఎండాకాలంలో కారు డిక్కీలో వదిలేస్తే లేటెక్స్ ఒకదానికొకటి అంటుకుపోతుంది. టాల్కం పౌడరు చల్లి, నీడపట్టున, బరువు పడకుండా వేలాడదీసి ఉంచండి.

పిడి గుండ్రంగా ఉండకూడదు. గుండ్రటి పిడిలో అంచు ఎటు తిరిగిందో చేతికి తెలియదు, వేటు పక్కవాటుగా పడి లెక్కలోకి రాదు. కోర్‌కు రెండు వైపులా 3 మిల్లీమీటర్ల ఈవీఏ పట్టీలు అతికించి కోడిగుడ్డు ఆకారం తెచ్చి, పైన క్రికెట్ బ్యాట్ రబ్బరు గ్రిప్ తొడిగితే పట్టు చక్కగా కుదురుతుంది. అడుగు గుండుకు కూడా ఫోమ్ ఉండాలి, 2 అంగుళాల రంధ్రంలో దూరకూడదు.

విడదీసే ఆయుధం గురించి

ఆరడుగుల గ్లేవ్ విమానంలో మామూలు లగేజీగా వెళ్లదు. చాలా విమాన సంస్థలు పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 62 అంగుళాలకు మించితే పెద్ద సైజు రుసుము వేస్తాయి. అందుకని కోర్‌ను రెండుగా చేసి మధ్యలో అతుకు పెడదామనిపిస్తుంది. పెట్టవచ్చు, కానీ లోపల దూరే ముక్క కోర్ వ్యాసానికి కనీసం ఆరు రెట్లు, అంటే 20 మిల్లీమీటర్ల గొట్టానికి ప్రతివైపూ 12 సెంటీమీటర్ల చొప్పున ఉండాలి, అడ్డంగా పిన్ను వేసి దానిమీద టేపు చుట్టాలి. పిన్ను రంధ్రం ఉన్న చోటే గొట్టం చీలడం మొదలవుతుంది, అక్కడ బయట కూడా స్ట్రాపింగ్ టేపు నాలుగు చుట్లు వేయండి. అతుకు రెండు చేతుల మధ్య పడేలా చూడండి. ఒకే పిడికి కత్తి అలుగు, గొడ్డలి తల, ఈటె మొన మార్చుకునే ఏర్పాటు మాత్రం మానుకోండి. ప్రతి తలకూ వేరే బరువు, వేరే తూకం కావాలి, ప్రతి జోడింపునూ విడిగా తనిఖీకి చూపించాలి. ఆ ఖర్చుతో రెండు మంచి ఆయుధాలు వస్తాయి.

ఎవరికి ఏది

డాగర్‌హిర్ లేదా బెలెగార్త్‌లో కొత్తగా చేరుతుంటే 44 అంగుళాల ఒకటిన్నర చేతి కత్తి, 16 మిల్లీమీటర్ల ఫైబర్‌గ్లాస్, పోటు మొన, గుడ్డ తొడుగు. ఒక సీజన్ ఆడాక జట్టులో మీ చోటు వెనక వరుస అని తేలితే అప్పుడు 72 అంగుళాల గ్లేవ్, 20 మిల్లీమీటర్ల కోర్. బ్రిటన్, జర్మనీ శిబిరాలకు వెళ్తుంటే పోటు ఆలోచన పూర్తిగా వదిలి, పొడవు విషయంలో ఆ శిబిరపు నియమాలు చూసి, లేటెక్స్ పూతతో ఒకటిన్నర చేతి కత్తి. ఇక్కడ స్నేహితులతో మైదానంలో ఆడుకోవడానికైతే అర అంగుళం పీవీసీ, మూడడుగుల లోపు, ఏసీ షీటు ఫోమ్, తేలికపాటి దెబ్బలు. అందులోనూ పోటు వద్దు. ఊగే కోర్ మీద పోటు మొన నమ్మదగింది కాదు.

ఆటకు ముందు పరీక్ష

ప్రతి ఆట రోజూ ఉదయం ఐదు నిమిషాలు చాలు. అంచు పొడవునా బొటనవేలితో నొక్కుతూ వెళ్లండి, ఎక్కడ కోర్ తగిలినా ఆ చోట ఫోమ్ చచ్చుబడిందని అర్థం. అలుగును ఒక చేత్తో, పిడిని మరో చేత్తో పట్టి మెలిపెట్టండి, ఫోమ్ కోర్ మీద తిరిగితే లోపలి జిగురు విడిపోయింది. మొనను అరచేతిలో ఆనించి శరీర బరువు వేసి నెట్టండి, గట్టి బిందువు ఏదైనా తగిలితే తోలు బిళ్ల పక్కకు జరిగింది. ఆ రోజుకు పోటు మానేయండి, ఆకుపచ్చ గుర్తు మీద టేపు వేసి కప్పేయండి. కోర్‌ను చెవి దగ్గర పెట్టి కొద్దిగా వంచితే చిటపటమనే శబ్దం వస్తే గొట్టంలో పగులు ఉంది, దాన్ని బాగుచేయలేం, కోర్ మార్చాల్సిందే. చివరగా ఇంకొకరిచేత మీ తొడ మీద పూర్తి బలంతో ఒక వేటు వేయించుకోండి. మీరు ఓర్చుకోలేని దెబ్బ ఇచ్చే ఆయుధాన్ని మైదానంలోకి తీసుకెళ్లకండి. తూకం కాటా, 2.5 అంగుళాల రంధ్రం కోసిన అట్టముక్క సంచిలో ఎప్పుడూ ఉంచుకోండి. తొడుగు మార్చిన ప్రతిసారీ, ఫోమ్ అతికించిన ప్రతిసారీ రెండూ వాడండి.